ఇంటికొక చెయ్యి

ఆడవాళ్ళ హక్కుల కోసం ఏడుగురు అరుగు మీద కూర్చుని గంటన్నర అయింది. ఆ గంటన్నరలో వాళ్ళు రాసింది మూడు వాక్యాలు, తాగింది పద్నాలుగు కాఫీలు. కాఫీలు కలిపింది వసంతకుమారి. గ్లాసులు కడగాల్సిందీ వసంతకుమారే. ఆ ఏడుగురిలో నలుగురు ఆడపిల్లలు, వాళ్ళలో ఒకతె ఆమె కన్నకూతురు. అందరూ సమానమన్న సంగతిని ఎంత ఘాటుగా రాయాలా అని తలలు పట్టుకుంటున్నారు గానీ, ఖాళీ గ్లాసు ఒక్కటి తీసుకెళ్ళి తొట్టి దగ్గర పెడదామన్న ఆలోచన ఆ తలల్లో ఒక్కదానికీ రాలేదు.

వసంతకుమారికి ఒళ్ళు మండిపోతోంది. పోనీ, వాళ్ళు రాసేదాంట్లో తప్పేమైనా ఉందా అంటే ఒక్క ముక్క తప్పు లేదు. అది ఇంకో మంట. తప్పుంటే నాలుగు దులిపి లేచి పొమ్మని, తలుపేసుకుని తన పప్పు తను పొయ్యి మీద పెట్టుకునేది.

కోసపాళయంలో ఆ వీధిలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ కలిపి తెలుగు కుటుంబాలు నలభై దాకా ఉన్నాయి. ముత్తాతల నాడు వచ్చి బజారులో కొట్లు పెట్టుకున్నవాళ్ళు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం, కోపం ఎక్కువైతే ఇంగ్లీషు. వాళ్ళకొక సంఘం, సంఘానికొక హాలు, హాలు వెనక ఒక వంటిల్లు. సంఘం పట్టీలో ప్రతి ఇంటికీ యజమాని పేరు ఉంటుంది. యజమాని అంటే మగవాడే. పట్టీలో పేరుంటే పెళ్ళికీ చావుకీ హాలు ఇస్తారు, పదిమంది వచ్చి పక్కన నిలబడతారు, నెలనెలా జరిగే సమావేశంలో చెయ్యెత్తే హక్కు ఉంటుంది. ఆ మగవాడు పోయి, ఇంట్లో కొడుకు లేకపోతే, ఇంటినే పట్టీలోంచి కొట్టేస్తారు. రెండేళ్ళ కిందట ఎదురింటి మణియమ్మ ఇంటిని అలాగే కొట్టేశారు. ఆమె భర్త రవిచంద్రన్ పోయి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.

ఆ పద్ధతి పోవాలని పిల్లలు రాస్తున్నారు. పట్టీలో ఆడవాళ్ళ పేర్లు ఉండాలి. మగవాడు పోయినా ఇల్లు ఉండాలి. సమావేశంలో ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చుని మాట్లాడాలి. ఇవీ మూడు వాక్యాలు. రాస్తున్నది నరేంద్రన్, వసంతకుమారి ఆడపడుచు కొడుకు. ఏంబలంలో చెరుకు తోట వదిలిపెట్టి, ఈ విప్లవం కోసం ఆదివారం పూట బండి మీద వచ్చాడు. అతని పక్కన కూర్చుని ప్రతి మాటకూ అడ్డం తగులుతున్నది వసంతకుమారి కూతురు కీర్తిక.

"వేడుకొంటా ఉండాం అని యాడైనా రాస్తారా బావా. మనమేమన్నా ముష్టి అడుగుతా ఉండామా?"

"పెద్దోళ్ళు గదా. కొంచెం మర్యాద ఉండాల."

"మర్యాదగా అడిగితే మర్యాదగా చెత్తబుట్టలో వేస్తారు. కొట్టెయ్ ఆ ముక్క."

నరేంద్రన్ కొట్టేశాడు. మూడు వాక్యాల్లో ఒకటి పోయింది. ఇంకో గంట పడుతుందని వసంతకుమారికి అర్థమైంది. పాలు సరిపోవు.

ఆ సమయానికే పెరటి తలుపు ఎవరో మెల్లగా తట్టారు. తీసి చూస్తే భక్తవత్సలం, ఆమె భర్త. సంఘానికి ఆయనే కార్యదర్శి. బజారులో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు మూసి భోజనానికి వచ్చినవాడు, తన వాకిట్లో తన మీదే పోరాటం జరుగుతుంటే ఆ మధ్యలోంచి నడిచే ధైర్యం లేక, సందంతా చుట్టి వెనకనుంచి వచ్చాడు.

"పోయినారా వాళ్ళు?" గొంతు తగ్గించి అడిగాడు.

"యాడ పోతారు. మూడో కాఫీ ఇంకా తాగలే."

"నీ కూతురికి కాస్త చెప్పు వసంతా. సంఘం తలైవరు పొద్దున్నించి ఫోన్ మీద ఫోన్. నీ ఇంటి పిల్లనే అదుపులో పెట్టుకోలేవు, సంఘాన్ని ఏం నడుపుతావని అడుగుతా ఉండాడు."

"పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు మీ కూతురు. ఇప్పుడు నా కూతురా?"

అరుగు మీద నుంచి కీర్తిక గొంతు వినిపించింది. "అమ్మా, నాయన వెనకపక్క ఉండాడని మాకు తెలుసు. వచ్చే ఆదివారం మీటింగులో మేం చదివేదానికి పది నిమిషాలు కావాలని చెప్పు."

"ఐదు నిమిషాలని చెప్పు," అన్నాడు భక్తవత్సలం, భార్యతోనే.

వసంతకుమారి ఐదు నిమిషాలు మోసుకెళ్ళింది. ఎనిమిది మోసుకొచ్చింది. ఆరు మోసుకెళ్ళింది. నాలుగోసారి నడవ మధ్యలో ఆగిపోయి, అటు అరుగుకీ ఇటు పెరటికీ వినబడేలా చెప్పింది. "ఇద్దురికీ నోళ్ళుండాయి. నడిచేదానికి కాళ్ళుండాయి. ఈడ నేను పోస్టాఫీసు పెట్టలే." అని వంటింట్లోకి పోయి, గ్లాసులన్నీ తొట్టిలో ధన్‌మని పడేసింది. ఆ చప్పుడుకు నిమిషాల బేరం ఆగింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు.

ఈ ఇంట్లో సంఘం మీద మొదట గొంతెత్తింది కీర్తిక కాదు. ఆ సంగతి కీర్తికకు సగమే తెలుసు. ఇరవై ఏడేళ్ళ కిందట, ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తల్లో, వసంతకుమారి మరో ఆరుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని హాలు గుమ్మంలో నిలబడింది. మేమూ లోపల కూర్చుంటామని అడిగింది. పెద్దవాళ్ళు కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఏమయ్యేదో. వాళ్ళు నవ్వి, మంచి ఆలోచన అని మెచ్చుకుని, మహిళా విభాగం అని ఒకటి పెట్టి, ఆమెనే దానికి అధ్యక్షురాలిని చేశారు. అప్పటినుంచీ ఆమే అధ్యక్షురాలు. ఉగాదికి హాలు ముందు ముగ్గు వేయడం, గుమ్మంలో పన్నీరూ కుంకుమా పట్టుకుని నిలబడడం, నెలనెలా సమావేశానికి కాఫీ పెట్టడం, ఇదీ విభాగం పని. విభాగానికి సమావేశం అంటూ ఇంతవరకూ ఒక్కటీ జరగలేదు. ఆ ఆరుగురూ ఎప్పుడు కలిసినా వంటింట్లోనే కలిశారు, ఎప్పుడు కలిసినా ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నారు.

బుధవారం సాయంత్రం చెల్లప్పన్ స్వయంగా ఇంటికి వచ్చాడు. సంఘం అధ్యక్షుడు ఆయనే. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, పప్పుదినుసుల టోకు వ్యాపారం కొడుక్కి అప్పగించి ఇప్పుడు సంఘం పనే పనిగా పెట్టుకున్నాడు. అందరూ తలైవరు అంటారు. సంఘం నియమాల పుస్తకం తెలుగు లిపిలో ఉంటుంది. దాన్ని కూడబలుక్కుని అయినా చదవగలిగినవాడు ఇప్పుడు ఆయనొక్కడే. మిగిలినవాళ్ళు తెలుగు మాట రాయాలన్నా తమిళ అక్షరాల్లోనే రాస్తారు, పుస్తకం మాత్రం ఆయన చదివింది విని తలూపుతారు.

"భక్తా, పిల్లోళ్ళతో పోట్లాడకూడదు," అన్నాడు కుర్చీలో కూలబడి. "వాళ్ళకు గూడా ఒక విభాగం ఇచ్చేద్దాం. యువజన విభాగం. నీ కూతురే తలైవి. ఒక బ్యానరు, బ్యాడ్జీలు. వాళ్ళడిగినయ్యన్నీ ఆ విభాగమే పరిశీలించి మనకు చెప్తాది. మనం చూస్తాం."

"ఎప్పుడు చూస్తాం మామా?" అన్నాడు భక్తవత్సలం.

"చూస్తాం అంటే చూస్తాం. అంతవరకూ వాళ్ళకేదైనా పని గూడా ఉండాల గదా. హాలు ముందర బండ్లు సరిగా నిలబెట్టించడం, బంతిలో వడ్డించడం. చురుకైన పిల్లోళ్ళు."

వసంతకుమారి కాఫీ తీసుకుని వచ్చింది. ఆమెను చూడగానే ముసలాయన ముఖం విచ్చుకుంది. ఆయనకు ఆమె మీద అభిమానమే, అందులో నటన లేదు.

"ఈయమ్మ లేదా మనకు. ఆ పొద్దు ఎంత ఎగిరింది. విభాగం ఇచ్చినాం. ఈ పొద్దుటికీ ఒక్క మాట రాలే. బంగారంగా నడిపిస్తా ఉండాది." కాఫీ అందుకున్నాడు. "నువ్వే ఆ పిల్లకు నచ్చజెప్పాలమ్మా. నిన్ను చూపిస్తే చాలు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో వసంతకుమారికి ఆ నిమిషాన తెలిసింది. ఇరవై ఏడేళ్ళుగా తను ఏమిటో ఆయన మూడు ముక్కల్లో చెప్పేశాడు, అదీ మెచ్చుకుంటూ. ఆ ట్రే ఆయన ఒళ్ళో బోర్లించాలనిపించింది. నోరు తెరిస్తే మాత్రం వేరే మాట వచ్చింది.

"చక్కెర చాలా మామా?" అంది.

మర్నాడు కీర్తిక తట్టాంచావడి నుంచి ఆరింటికి వచ్చింది. అక్కడొక చిన్న ఫ్యాక్టరీలో పంపుల విడిభాగాలు సరిగా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం ఆమెది. రోజంతా తప్పులు పట్టి వస్తుంది కాబట్టి ఇంటికొచ్చాక ఆ అలవాటు దిగడానికి కాస్త సమయం పడుతుంది. వసంతకుమారి ఆగలేకపోయింది. చెప్పులు విడవకముందే అందుకుంది.

"ఆదివారం వాళ్ళు మీకొక విభాగం ఇస్తారు. తీసుకోబాకు."

"తెలుసు. చెల్లప్పన్ తాత ఫోన్ చేసినాడు. తీసుకుంటాం."

"ఏంది తీసుకునేది? మీరడిగింది అదేనా?"

"అది కాదు. అయినా అమ్మా, దీన్ని స్ట్రాటజీ అంటారు. ముందు లోపలికి పోవాల. లోపలికి పోయినాక మెల్లగా అన్నీ మార్చొచ్చు. వాకిట్లో నిలబడి అరిస్తే ఏమొస్తాది?"

ముందు లోపలికి పోదాం అన్న మాట వసంతకుమారికి కొత్త కాదు. అచ్చంగా అదే మాట, అదే ధీమాతో, ఒకప్పుడు తనే అన్నది. ఆ ఆరుగురికీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"నేను గూడా లోపలికే పోయినా," అంది. "వంటింటి దాకా పోయినా."

కీర్తిక బ్యాగు కుర్చీలో పడేసింది. "నువ్వు వేరే అమ్మా. ఇన్నేండ్లు తలైవిగా ఉండి నువ్వు ఒక్కటన్నా అడిగినావా? కాఫీ పోసినావు. మేం అట్లుండం."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. వసంతకుమారికి కోపం రావాల్సింది, రాలేదు. చెప్పాల్సిన మాట ఒకటి గొంతు దాకా వచ్చింది. రెండేళ్ళుగా అది అలాగే గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ పూట కూడా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే నరేంద్రన్ ఒక మూట పట్టుకుని ఊడిపడ్డాడు. మూట విప్పితే పసుపు పచ్చ టీషర్టులు. వీపు మీద తమిళంలో, ఇంగ్లీషులో యువజన విభాగం అని అచ్చు. తీర్మానం ఇంకా జరగనే లేదు, చొక్కాలు వచ్చేశాయి.

"ఎట్లుంది అత్తా?" అన్నాడు ఒకటి ఎత్తి పట్టి.

"ఉతికితే రంగు పోతాది," అంది వసంతకుమారి. అంతకన్నా ఏమనాలో ఆమెకు తోచలేదు.

ఆదివారం పదింటికి హాలు నిండింది. ముప్పై నాలుగు ఇళ్ళ నుంచి మగవాళ్ళు వచ్చి కుర్చీల్లో సర్దుకున్నారు. వెనక గోడకు ఆనుకుని పిల్లలు నిలబడ్డారు, అందరూ పసుపు పచ్చ టీషర్టుల్లో. కుర్చీలు ఇంకో పది ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమని వాళ్ళను ఎవరూ అనలేదు. వాళ్ళూ అడగలేదు.

వంటింట్లో ఆడవాళ్ళు పదిహేనుమంది దాకా ఉన్నారు. చెల్లప్పన్ భార్య మునెమ్మ పీట మీద కూర్చుని కొబ్బరి తురుముతోంది. నలుగురిలో నోరు విప్పని మనిషి. మణియమ్మ గిన్నెలు తోముతోంది. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టుకుని బతుకుతున్న మనిషిని, నెలకోసారి ఈ పనికి మాత్రం మరిచిపోకుండా పిలుస్తారు. పట్టీలోంచి ఆమె ఇంటిని కొట్టేశారు గానీ వంటింట్లోంచి ఆమెను కొట్టేయలేదు.

హాల్లో భక్తవత్సలం పట్టీ చదవడం మొదలుపెట్టాడు. "కె. చెల్లప్పన్ ఇల్లు." "ఉంది." "డి. ఏలుమలై ఇల్లు." "ఉంది." పిలిచేది మనిషిని కాదు, ఇంటిని. అలా ముప్పై నాలుగు ఇళ్ళూ ఉన్నాయని తేలాక కీర్తిక ముందుకు వచ్చి కాగితం చదివింది. ఆరు నిమిషాలు. బాగానే చదివింది. గొంతు వణకలేదు. కాఫీ ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ వసంతకుమారికి, ఇంత చిరాకులోనూ, ఒక్క క్షణం ఛాతీ నిండినట్టయింది.

చెల్లప్పన్ లేచాడు. పిల్లలను మెచ్చుకున్నాడు. ఇలాంటి పిల్లలుండడం సంఘం అదృష్టమన్నాడు. యువజన విభాగం పెడుతున్నట్టు, ఈ కోరికలన్నీ ఆ విభాగమే పరిశీలించి తర్వాత నివేదిక ఇచ్చేటట్టు తీర్మానం చదివాడు. "ఒప్పుకునే ఇండ్లు చెయ్యెత్తండి," అన్నాడు.

ముప్పై నాలుగు చేతులు లేచాయి. వెనక పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. కీర్తిక ముఖం వెలిగిపోతోంది. నరేంద్రన్ భుజం మీద చరిచి ఏదో అంటోంది. ఆ ముఖం వసంతకుమారికి బాగా తెలుసు. ఇరవై ఏడేళ్ళ కిందట ఇదే హాలు గుమ్మంలో ఆ ముఖం ఆమెదే. అందులో ఇంత పొగరూ ఇంత సంతోషమూ ఉన్నాయి. దానికి ఆ తర్వాత ఏం జరిగిందో ఈ పిల్లకు తెలియదు. తెలియజేసే పని తనది, తను చేయలేదు. చెప్పబోతే గోడకు చెప్పినట్టయిందని ఊరుకుంది.

ట్రే తీసుకెళ్ళి ఖాళీ కుర్చీలో పెట్టింది. నడుచుకుంటూ వెళ్ళి, చెయ్యెత్తి కూర్చున్న భర్త పక్కన నిలబడి, తనూ చెయ్యెత్తింది.

"ఈడ అందరికీ వచ్చిందమ్మా కాఫీ," అన్నాడు చెల్లప్పన్.

"కాఫీ కాదు మామా. నేను వద్దంటా ఉండా."

"ఏంది వద్దు?"

"ఈ విభాగం."

భక్తవత్సలం ఆమె చీర కొంగు పట్టి లాగాడు. "వసంతా, దించు. ఇంటికొక చెయ్యే."

"తెలుసు. ఒక ఇంటికి రెండు చేతులు లేస్తే ఏమవుతాదో గూడా తెలుసు."

అది అక్కడున్న అందరికీ తెలుసు. ఎప్పుడో, విడిపోని అన్నదమ్ములిద్దరు ఒకే ఇంటి తరఫున చెరో మాట చెప్పి పెద్ద రభస చేశారు. అప్పుడే నియమం పెట్టారు. ఒక ఇంటినుంచి రెండు చేతులు లేచి, ఇద్దరిదీ ఒక మాట కాకపోతే, ఆ ఇంటి ఓటు చెల్లదు. అది అన్నదమ్ముల కోసం, తండ్రీకొడుకుల కోసం రాసుకున్న నియమం. రెండో చెయ్యి వంటింట్లోంచి వస్తుందని రాసినవాళ్ళెవరికీ తోచి ఉండదు.

"మా ఇల్లు కొట్టేయండి మామా," అంది వసంతకుమారి. "ఈ ఒక్క పూటకు."

భక్తవత్సలం ఆమెను చూశాడు, కూతుర్ని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. దించలేదు, ఎత్తి పట్టుకోనూ లేదు. అది సగంలో అలా ఉండిపోయింది.

వెనకనుంచి కీర్తిక గొంతు. "అమ్మా, ఏం చేస్తా ఉండావు నువ్వు?"

వసంతకుమారి వెనక్కి తిరగలేదు. తిరిగితే చెయ్యి దిగిపోతుందని భయం వేసింది.

వంటింట్లోంచి మణియమ్మ వచ్చింది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. గోడ పక్కన నిలబడి కుడి చెయ్యి ఎత్తింది. చెల్లప్పన్ ఇబ్బందిగా కదిలాడు. "అమ్మా, మీ ఇల్లు పట్టీలో లేదు గదా."

"తెలుసు మామా. సుమ్మా, ఊరికే ఎత్తినా," అంది మణియమ్మ. చెయ్యి దించలేదు.

తర్వాత ఏలుమలై భార్య వచ్చింది. ఆ తర్వాత అత్తాకోడళ్ళు ఇద్దరు ఒకేసారి వచ్చారు, ఇంటి తరఫున ఎవరు ఎత్తాలో గుసగుసలాడుకుని కోడలు ఎత్తింది. ఇంకో ఇద్దరు వచ్చారు. మగవాళ్ళు తల తిప్పి తమ ఇంటి మనిషి వస్తోందా అని గుమ్మం వైపు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆఖరున మునెమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పి, కాబట్టి నెమ్మదిగా వచ్చింది. వచ్చి మొగుడి ఎదురుగా నిలబడి, కొబ్బరి అంటిన చెయ్యి ఎత్తింది.

"నువ్వు గూడానా?" అన్నాడు చెల్లప్పన్.

మునెమ్మ అవునన్నట్టు తలూపింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆవిడ నలుగురి ముందూ ఆయన మాటకు అడ్డం చెప్పడం అదే మొదలు. అదీ నోరు విప్పకుండానే చెప్పింది.

ఏడు చేతులు. మణియమ్మది లెక్కలోకి రాదు కాబట్టి ఆరు ఇళ్ళు. చెల్లప్పన్ కళ్ళజోడు పెట్టుకుని నియమాల పుస్తకం తెరిచాడు. పేజీలు చాలాసేపు తిప్పాడు. కావాలంటే అక్కడ ఏదైనా చదవచ్చు, ఆయనేం చదివినా కాదనగలిగినవాడు ఆ హాల్లో లేడు. చివరికి వేలు ఒక చోట ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, ఐదు ఇళ్ళకు మించి చెల్లకపోతే తీర్మానం పక్కన పెట్టి వచ్చే నెల మళ్ళీ విచారించాలని పైకి చదివాడు. తన ఓటమిని తనే చదువుకున్నాడు. ఎన్ననుకున్నా వసంతకుమారికి ఆ ముసలాయన మీద ఆ క్షణాన గౌరవం కలిగింది.

"వచ్చే నెల," అన్నాడు పుస్తకం మూసి. "ఇక లేద్దాం."

ఎవరూ సంతోషంగా లేరు. మగవాళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా చెప్పులు వెతుక్కుంటున్నారు. పసుపు పచ్చ టీషర్టుల వాళ్ళు గోడ దగ్గర ముడుచుకుని నిలబడ్డారు. భక్తవత్సలం పట్టీని మడిచి సంచిలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

వసంతకుమారి వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే కీర్తిక విసురుగా వచ్చింది. కళ్ళలో నీళ్ళు, ముక్కు మీద కోపం.

"నీకేం వచ్చిందమ్మా దీనివల్ల? ఇస్తామన్నది గూడా పోయింది. వారం నుంచీ మేం ఎంత తిరిగినాం. అందరి ముందరా మమ్మల్ని చిన్నపిల్లోళ్ళను చేసేసినావు."

"ఇస్తామన్నది పోవాలనే ఎత్తినా."

"ఎందుకు? అది చెప్పు."

తొట్టి దగ్గర మణియమ్మ మళ్ళీ గిన్నెలు తోముతోంది. ఆమె అక్కడ ఉందని వసంతకుమారికి తెలుసు. ఆ మాట ఎప్పటికైనా ఆమె చెవిన పడుతుందనే ఇన్నాళ్ళూ ఆగింది. ఇప్పుడు ఆమె అక్కడ ఉండగానే చెప్పింది.

"నాకు విభాగం ఇచ్చిన పొద్దు నేను వీధంతా జిలేబీలు పంచినా. గెలిచినామని. నీకేం వచ్చిందని అడిగితే చెప్పేదానికేమీ లేక, మెల్లగా అన్నీ మారుస్తామని అందరికీ చెప్పినా. తరువాత రెండేండ్ల ముందర ఈ హాల్లోనే రవిచంద్రన్ అన్న ఇంటిని కొట్టేసినారు. మీ నాయన పేరు చదివినాడు. అందరూ చెయ్యెత్తినారు. నేను ఆడనే ఉండా కీర్తికా. మహిళా విభాగం తలైవిని. కాఫీ పోస్తా ఉండా. ఒక్క మాట అనలే. ఆ పొద్దు నా బాధంతా ఏందో తెలుసా, గ్లాసులు రెండు తక్కువయినాయని."

తొట్టిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"నాకు తెలుసు వసంతా," అంది మణియమ్మ, వెనక్కి తిరక్కుండానే. "ఆ పొద్దే ఎవరో వచ్చి చెప్పినారు. నీ జాకెట్టుకు కొలత తీసినప్పుడల్లా ఇప్పుడు చెప్తావు, ఇప్పుడు చెప్తావని చూసినా. రెండేండ్లు చూసినా. ఎంత చిరాకొచ్చేదో నీకు తెలీదు."

వసంతకుమారి పీట మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఏడుపు ఆగలేదు. ఆపాలని కూడా అనిపించలేదు.

కీర్తిక తల్లి వైపు చూసింది, మణియమ్మ వీపు వైపు చూసింది. చేతిలో ఆ కాగితం ఇంకా ఉంది, చెమటకు నలిగిపోయి. దాన్ని సాపు చేసి ముందుకు చాపింది.

"అత్తా, వచ్చే నెల దీన్ని నువ్వు చదువుతావా?"

మణియమ్మ చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. మూడు వాక్యాలూ మెల్లగా చదివింది. మూడో దాని దగ్గర కాసేపు ఆగింది. తర్వాత మడిచి తిరిగి ఇచ్చేసింది.

"బాగా రాసినారు," అంది. "ఇది మీరు చదువుకోండి. నాకు జరిగింది నేను చెప్పుకుంటా. నాకొక కుర్చీ వేయించండి, చాలు."